గంగమ్మకు నేను తోలించిన మట్టి

ఊరికి కంపెనీలు తెస్తామని బయలుదేరినోళ్ళు మా జిల్లాలో చానామంది ఉండారు. కొందరు లీడర్లయినారు, కొందరు అప్పులపాలయినారు. కంపెనీ వాళ్ళు నేల చూడను వచ్చే రోజుకే, చేతులారా, జాతరను తెచ్చి వాళ్ళ ముందర పెట్టినోణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఎట్ల జరిగిందో చెప్తాను, వినండి. మధ్యలో నవ్వొస్తే ఆపుకోవద్దండి. మా పేటంతా నవ్వి నవ్వి అలిసిపోయింది, ఇంక మీ వంతు.

మాది చిత్తూరు, మిల్లుపేట. పేరులో మిల్లు ఉండాది గానీ పేటలో లేదు. నేను పుట్టకముందే మూతబడి, గోడలు కూలి, గవర్నమెంటు చేతికి పోయింది. మిగిలిందల్లా పెద్ద ఖాళీ జాగా, దాని నడిమధ్య ఒక గుంత. వానొస్తే ఆ గుంతలో నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళలో ఎనుములు పండుకుంటాయి. మా పేటలో పొద్దున పోయి పని చేసి రాదగ్గ చోటు ఏదైనా ఉందంటే అది ఆ ఎనుములకే ఉండాది.

మనుషులు మాత్రం బస్సెక్కాల. మా అక్క రేవతి అరవ దేశంలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేది. కార్లకు, బండ్లకు లోపల వేసే వైర్లను కట్టలుగా కట్టే పని. కంపెనీ బస్సు ఇంకా తెల్లారకముందే, మబ్బుతోనే వచ్చి పేట మొగదల నిలబడేది. మా వీధి ఆడోళ్ళు సగం మంది టిఫిన్ క్యారియర్లు పట్టుకొని, నిద్రమొఖాలతో దాంట్లో ఎక్కేవాళ్ళు. బావ లారీ మీద తిరుగుతాడు, కాబట్టి అక్క, అక్క బిడ్డ మా ఇంట్లోనే. బిడ్డ లేచేసరికి అక్క ఉండదు, అక్క వచ్చేసరికి బిడ్డ నిద్రపోయుంటాది. ఒక ఆదివారం అక్క ఎత్తుకోబోతే ఆ పిల్ల కొత్త మనిషిని చూసినట్టు ఏడ్చి, మా అమ్మ కొంగు చాటుకు పోయింది. అక్క పోయి అంట్లు తోముకొనింది. అక్కను ఫ్యాక్టరీ కాడ నుంచి తేలేను గానీ, ఫ్యాక్టరీనే మా వీధికి తెస్తానని ఆ పొద్దే తీర్మానం చేసుకున్నాను. అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. ఆ వయసులో తీర్మానాలకు కరువుండదు.

కలిసొచ్చినట్టు, ఊరి వ్యాపారస్తులంతా చేరి ఒక కమిటీ పెట్టినారు. బయటి కంపెనీలను పిలిచి, మా ఊరు చూపించి, ఈడ పెట్టండప్పా అని అడగడం దాని పని. ప్రెసిడెంటు ఖాదర్ భాయ్. బజారు వీధిలో ఆయనది పరుపుల అంగడి. మాట కూడా పరుపు మాదిరే మెత్తగా ఉంటాది, యాడో ఒకచోట గింజ తగుల్తాది. నేను ఎం.బి.ఏ. చదివి ఖాళీగా ఉండాను, ఇంగ్లీషు ధైర్యంగా మాట్లాడతాను, తప్పో ఒప్పో. అందుకని నన్ను కన్వీనర్ చేసినారు.

రెండేండ్లు ఎవురూ రాలేదు. మూడో ఏడు పూణే కంపెనీ ఒకటి రాసింది. అచ్చంగా మా అక్క చేసే పనే, వైర్ల కట్టలు. కొత్త యూనిట్టుకు రెండు ఊర్లు చూస్తా ఉండారంట. ఒకటి హోసూరు పక్క, ఒకటి మనది. ఖాదర్ భాయ్ నన్ను అంగడిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి చెప్పినాడు.

“గిరీ, ఈ సంగతి మూడో చెవికి పోగూడదప్పా. పోయిందంటే బ్రోకర్లు దిగుతారు, చుట్టుపక్కల నేల రేటు కొండెక్కుతాది.”

ఆయన మూడో చెవి అంటే నేను ఇంకా ముందుకు పోయి ఇంట్లో కూడా నోరు విప్పలేదు. నాయనకు చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. వచ్చినాక ఒకేసారి చెప్పి వీరుణ్ణయిపోదామని ఆశ. జేసీబీ పెట్టించి, పేటంతా పండుకున్నాక మిల్లు జాగా అంతా చదును చేయించినాను. గుంత పూడ్చేదానికి రెండు టిప్పర్లు చెరువు మట్టి తోలించినాను. టిప్పరు డ్రైవరు గుంత నిండినంత నింపి, మిగిలిందంతా నడిమధ్య కుప్ప పోసి, రేపొచ్చి నెరుపుతానని వెళ్ళిపోయినోడు మళ్ళీ రాలేదు. నేను మొదటి బస్సుకు బెంగళూరు పోయినాను. ఆడ ఆ పూణే కంపెనీకి ఉండే ఆఫీసులో వారం రోజులు ఉండి, వాళ్ళను నాతోనే పిలుచుకొని రావాల.

ఇప్పుడు పేటలో ఏం జరిగిందో చెప్తాను. ఇది నాకు తర్వాత తెలిసిన ముచ్చట.

మా పేట గంగమ్మకు ఏటేటా వారం రోజుల జాతర. ఆఖరి రోజు చెరువు మట్టితో అమ్మ విశ్వరూపం చేస్తారు, అంటే ఆకాశంలోకి చూసే అంత పెద్ద ముఖం. దానికి పూజ చేసి, చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, ఇంట్లో పెట్టుకుంటే రోగం రాదని. ఆ ఏడు మాత్రం జాతర వద్దనుకున్నారు. గుడి ముందర కాలవ పనులకు తవ్వి పోసినారు, విశ్వరూపం నిలబెట్టను తావు లేదు. అమ్మ మీద భారం వేసి ఊరకుండిపోయినారు. ఈ మాట తెలిసే నేను కంపెనీ వాళ్ళకు తేదీ ఇచ్చినాను. నాది గుడ్డి ఎద్దు తెలివి కాదండీ, లెక్కగానే చేసినాను.

తెల్లారి గుడి తలుపు తీయను పోయిన చెంగమ్మవ్వ మిల్లు జాగా చూసింది. నిన్నటిదాకా ముళ్ళకంప, ఎనుములు. ఇయ్యాల అద్దం మాదిరి నేల, నడుమ నల్లగా, నిగనిగలాడే చెరువు మట్టి. ఎవురు చేయించినారంటే ఎవురికీ తెలీదు. చెంగమ్మవ్వకు పూనకం ఒక్కటే తక్కువ. “తావు లేదంటిరి గదరా, సూడండి, అమ్మే సదును సేయించుకొనింది, అమ్మే మట్టి తెప్పించుకొనింది” అనింది. ఇంక ఆగుతారా? ఆ మంగళవారమే చాటింపు వేసేసినారు. పేటలో జాతరకు చందాలడిగితే తలుపు తీయనోళ్ళు కూడా ఎదురొచ్చి ఇచ్చినారంట.

తానొకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తాదంటారు. నా విషయంలో ఇద్దరం ఒకటే నేల తలిచినాము, అదీ వచ్చిన చిక్కు.

నాయన నాకు ఫోన్ చేస్తానే ఉన్నాడు. నేను కట్ చేస్తానే ఉన్నాను. ఎందుకంటే నేను మీటింగులో మా ఊరి గొప్పలు చెప్పుకుంటా ఉండాను. ఆ కంపెనీ తరఫున నేల చూసే పెద్ద మేనేజరు జోషీ మేడమ్. తెల్లజుట్టు, చిన్న మనిషి, కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూస్తే మనం చెప్పే అబద్ధం మన గొంతులోనే తిరిగి లోపలికి పోతాది. ఆమెకు ఒకటే భయం. చిన్న ఊర్లలో జనం మాటిమాటికీ పనికి రాకుండా పోతారని. సెలవులు ఎక్కువ పెడతారా అని అడిగింది. మా వాళ్ళకు సెలవంటే అర్థమే తెలీదని చెప్పినాను. మరి పండగలు అని అడిగితే, క్యాలెండర్లో ఉండేవే మేడమ్, అవి కూడా ఇంట్లో కూర్చుని సద్దు లేకుండా చేసుకుంటారని చెప్పినాను. ఇట్లాంటివి చెప్పేటప్పుడు నాకు ఇంగ్లీషు భలే వస్తాది.

మరుసటి బుధవారం పొద్దున కారులో బయలుదేరినాము. పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగేదాకా నేనే మాట్లాడినాను. మిల్లుపేట మొగదలకు వచ్చేసరికి వీధికి అడ్డంగా వేపాకు తోరణాలు. మేడమ్ ఇవేమని అడిగింది. ఊర్లో పచ్చదనం ఎక్కువన్నాను. చెవులకు దూరంగా పలక డప్పుల సద్దు తగిలింది. అది మోటార్ వర్క్‌షాపు అన్నాను. రవ్వంత ముందుకు పోతే నలుగురు మగోళ్ళు, చీరలు కట్టి, మొఖానికి పసుపు పూసి, చేతిలో వేపమండలు పట్టుకొని కారుకు అడ్డంగా ఆడుకుంటా పోయినారు. మేడమ్ నా మొఖం చూసింది. నేను కిటికీలో నుంచి ఆకాశం చూసినాను.

మిల్లు జాగా కాడ కారు ఆగింది.

నా నేల మీద, నా మట్టితో, గంగమ్మ. ఇద్దరు మనుషుల ఎత్తు ముఖం. తట్టలంత కండ్లు, బారెడు నాలుక, పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండలు. చుట్టూ పేట పేటంతా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దోళ్ళు అన్నారు గదా. నేనైతే అడుసును టిప్పరు బాడుగ ఇచ్చి మరీ తెప్పించుకున్నాను.

మేడమ్ కారు దిగి, “ఇదేమిటి?” అని అడిగింది.

నిజం చెప్పే అవకాశం దేవుడు ఎవురికైనా ఒకసారి ఇస్తాడు. నాకు నాలుగుసార్లు ఇచ్చినాడు, నాలుగూ పోగొట్టుకున్నాను. “మట్టి పరీక్ష మేడమ్. నేల ఎంత బరువు మోస్తాదో చూడను పైన లోడ్ పెడతారు. లోడ్ టెస్ట్” అన్నాను.

ఆమె కండ్లద్దాలు ముక్కు మీదికి జారినాయి.

“లోడ్ టెస్ట్‌కు ముక్కుపుడక ఎందుకు పెట్టారు?”

దానికి నేను ఏం జవాబు చెప్పేవాణ్ణో నాకు ఈ రోజుకీ తెలీదు, ఎందుకంటే ఆ లోపల ఒక ఆరడుగుల ఆడమనిషి నన్ను చూసి గుంపులో నుంచి పరిగెత్తుకుంటా వచ్చింది. అక్క పెండ్లి పట్టుచీర, తలలో మూరెడు కనకాంబరాలు, మూతికి బలమైన మీసాలు. మా నాయన. బెల్లం మండీలో నలభై ఏండ్లు గుమాస్తాగిరీ చేసిన మనిషి, గట్టిగా దగ్గను కూడా మొగమాటపడతాడు. అట్లాంటోడు జాతర రోజు వేషం కడితే మాత్రం ఆయన్ను పట్టను మనుషులు చాలరు.

జాతరలో మొక్కుగా ఆడ వేషం కట్టిన మగోళ్ళు ఎవుర్నైనా ఏమైనా తిట్టొచ్చు. కలెక్టరైనా సరే, కట్టుకున్న పెండ్లాం అయినా సరే, తిట్లు పడినోళ్ళు నవ్వుతా దండం పెట్టాల. అది అమ్మ తిట్టు, మంచిదంటారు. నాయన వేపమండతో నా నెత్తి మీద ఒకటి వేసి, ఫోన్ ఎత్తనందుకు మొదలుపెట్టి, నా చదువు మీదికి, నా టై మీదికి, నేను పుట్టిన గడియ మీదికి పోయినాడు. ఆ మాటలు ఈడ రాస్తే మీరు ఈ పుస్తకం ఇంట్లో ఉంచుకోలేరు. టై కట్టుకొని, మీసాల ఆడమనిషి చేత తిట్లు తింటా, నేను రెండు చేతులెత్తి దండం పెడతా నిలబడినాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను బెంగళూరులో రచ్చ గెలిచేసి, ఇంటి ముందర ఓడిపోయినాను.

“ఎవరీమె?” అని మేడమ్ ఖాదర్ భాయ్‌ని అడిగింది. ఆయన అప్పుడే స్కూటరు దిగి, తలకాయ పట్టుకొని నిలబడి ఉండాడు.

“వాళ్ళ నాయన” అన్నాడు భాయ్ హిందీలో, మర్యాదగా.

ఇంక దాచి లాభం లేదని భాయ్ ఉండేది ఉండేటట్టు చెప్పేసినాడు. జాతర సంగతి, మట్టి సంగతి, నేల సంగతి. మేడమ్ అంతా వినింది. నా పక్కకు తిరిగి, “మీ ఊర్లో పండగలకు సద్దే ఉండదన్నావు” అనింది. సరిగ్గా అప్పుడే పంబలోళ్ళు వాయిద్యం అందుకున్నారు. ఆమె తర్వాత ఏమనిందో నాకు వినపడలేదు, పెదాలు మాత్రం కనపడినాయి. కారు తలుపు తీసుకొని లోపల కూర్చునింది.

అయిపోయిందనుకున్నాను. అక్క మబ్బులో బస్సెక్కడం, బిడ్డ అమ్మమ్మ కొంగు చాటుకు పోవడం, ఇంక అంతే, మారదు. నేనే చేతులారా తగలబెట్టినాను. ఏడుపు రావాల్సిన చోట ఎక్కిళ్ళు వచ్చినాయి, అదీ నా బతుకు.

కారు కదలబోతే చెంగమ్మవ్వ ముందరికి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది. చాటింపు అయినాక వారం పాటు పేటలో ఉండేవాళ్ళు ఎవురూ పొలిమేర దాటగూడదు, చెంప నరికినాకనే పోవాల, వచ్చిన చుట్టాలకైనా అంతే అనింది. భాయ్ దాన్ని హిందీలోకి మార్చి, క్షమించమని కూడా కలిపినాడు. మేడమ్‌కు కోపం నషాళానికి అంటింది.

“వారమంతా ఎవరూ ఊరు దాటరా? మరి బయట పనిచేసే వాళ్ళు? వాళ్ళ కంపెనీలు ఊరుకుంటాయా?”

ఈసారి నేను నోరు తెరవలేదు. తెరిచింది మా అక్క. జనంలో నుంచి బిడ్డను చంకన వేసుకొని వచ్చి, తనకొచ్చిన హిందీలో, అరవం కలిపి, సూటిగా చెప్పింది. “ఊరుకోవు మేడమ్. జీతం కోస్తారు. కోసినా సరే అని ఈ వారం మేమెవురం పోలేదు. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానము. అమ్మ కోసం ఈ ఒక్క వారం.”

ఏం పని చేస్తావని మేడమ్ అడిగింది. అక్క చెప్పింది. మేడమ్ కారులో నుంచి ఒక కాలు బయట పెట్టింది. ఈ పేటలో ఇంకెంతమంది ఆ పనిలో ఉండారని అడిగింది. అక్క వెనక్కి తిరిగి పిలిచింది. మంజుల వచ్చింది, షకీలా వచ్చింది, గౌరి వచ్చింది. వాళ్ళ వెనకాల వాళ్ళ చెల్లెండ్లు, వదినలు, పక్కవీధోళ్ళు. ఆ బస్సెక్కేవాళ్ళంతా అమ్మ పుణ్యాన ఇంటి పట్టునే ఉండారు గదా, పసుపు మొఖాలతో, వేపాకు చేతులతో గుంపు కట్టేసినారు. మేడమ్ రెండో కాలు కూడా బయట పెట్టింది.

ఆమె బ్యాగులో నుంచి రంగురంగుల వైర్లు ముడివేసిన నమూనా కట్ట ఒకటి తీసి షకీలా చేతికిచ్చింది. షకీలా చూసీచూడగానే, ఈ మడత తప్పు, బండి అదిరేటప్పుడు ఈ మూల రాసుకొని తెగుతాదని చెప్పింది. అట్ల కాదు, ఇట్ల అని గౌరి ఇంకో మాట అనింది. ఇద్దరూ వాదులాటకు దిగినారు. పంబలు మోగతా ఉంటే, గంగమ్మ నాలుక కింద, మేడమ్ మట్టిలో కాళ్ళు పెట్టి వాళ్ళ నడుమ దూరి నిలబడి వింటా ఉండాది. నా స్లైడ్లు చూసేటప్పుడు రెండుసార్లు ఆవలించిన మనిషి అండీ ఆమె.

అంతలో పూజారి వంశపోడు వేషంతో వచ్చి, కత్తి తిప్పి, అమ్మ చెంప నరికినాడు. అంతే, జనం ఎగబడినారు. బకెట్లు, తట్టలు, కొంగులు, టోపీలు, ఏది దొరికితే అది. కాసేపట్లో గంగమ్మ ముఖమూ లేదు, పీఠమూ లేదు. అంతటితో ఆగినారా, కింద నేను గుంతలో నింపిన మట్టి కూడా అదే మట్టి గదా, దాన్ని కూడా తోడుకొని పోయినారు. నేను దాచిపెట్టిన గుంత, ఊరందరి ముందర, నోరు తెరుచుకొని బయటపడింది. మేడమ్ అంచున నిలబడి లోపలికి చూసింది.

“దీని గురించి కూడా చెప్పలేదు” అనింది.

నాయన వచ్చి, పట్టుచీర సర్దుకొని, ఆమె నుదుటికి మట్టి పూసి, చేతిలో ఒక ముద్ద పెట్టినాడు. ఆమె ఆయన మీసాలు చూసింది, కనకాంబరాలు చూసింది. ఇంక ఆపుకోలేక నవ్వింది. కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకునేంత నవ్వు. ఆ ముద్దను చేతిగుడ్డలో మూట కట్టుకొని బ్యాగులో పెట్టుకొనింది.

నెల తిరక్కుండానే ఖాదర్ భాయ్‌కి ఫోన్ వచ్చింది. రెండో ఊరి వాళ్ళు చదునైన నేల చూపించినారు, శాలువా కప్పినారు, పనోళ్ళు యాడ అంటే మాత్రం కాగితం చూపించినారంట. నేలదేముంది, గుంతలు మేం పూడ్చుకుంటాము, పని తెలిసినోళ్ళను యాడ నుంచి తెస్తామని మేడమ్ అనిందంట. కంపెనీ మీ ఊరికే అనింది. భాయ్ అంగడి మెట్ల మీదికి వచ్చి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినపడేటట్టు నన్ను పిలిచినాడు. మెత్తటి మనిషి నన్ను ఎత్తుకొని గిరగిర తిప్పి పరుపుల మీద పడేసినాడు. బజారు వీధంతా మిఠాయి పంచినాము. నాయన మండీలో పనోళ్ళందరికీ బెల్లం ముక్కలు పెట్టినాడు, ఈ తూరి పంచెలోనే.

కంపెనీ వాళ్ళు ఒక షరతు కూడా పెట్టినారు. ఇకమీదట కమిటీ తరఫున గిరి మాట్లాడగూడదని.

పోయిన ఏడు ఫ్యాక్టరీ తెరిచినారు. గంగమ్మ విశ్వరూపానికి గేటు పక్కన తావు వదిలినారు. పేటలో ఆడోళ్ళు పొద్దెక్కినాక, నీళ్ళు పోసుకొని, పూలు పెట్టుకొని, కబుర్లు చెప్పుకుంటా నడిచి పోతా ఉండారు. మొదటి రోజు అక్క అలవాటు కొద్దీ మబ్బుతోనే లేచి, తయారై, ఏం చేయాలో తెలీక వాకిలంతా రెండుసార్లు ముగ్గేసి, చివరికి నన్ను లేపి తిట్టింది. ఫ్యాక్టరీ ఇంత దగ్గర్లో పెడితే మనిషికి లేచినాక పనికి పోయేదాకా కాలం ఎట్ల గడుస్తాదిరా అని.

మొన్న ఆ ఫ్యాక్టరీ మేనేజరు నన్ను దోవలో ఆపి ఒక మాట చెప్పినాడు. కొత్త ఫ్యాక్టరీలో అందరికంటే ముందు సెలవు అడిగింది మా అక్కేనంట. జ్వరమా అంటే కాదు. జాతరా అంటే కాదు. పెండ్లా, చావా, ఏమీ కాదు. మరి కారణం ఏందమ్మా అంటే, “ఏమీ లేదు సార్, ఊరకనే. ఒక పొద్దంతా నా బిడ్డతో ఇంట్లో కూర్చోవాలని ఉండాది” అనిందంట. ఆయన పూణేకి ఫోన్ చేసి అడిగితే, జోషీ మేడమ్ రెండు రోజులు ఇచ్చి పంపించమనిందంట.

కాబట్టి, గంగమ్మ మట్టి నుదుట పెట్టుకొని, ఈ మాట మీ అందరి ముందర ప్రమాణం చేసి చెప్తా ఉండాను. ఇంక ఈ జన్మలో ఏ కంపెనీ వాళ్ళ ముందరా మా వాళ్ళకు సెలవంటే తెలీదని చెప్పను. తెలుసు. బాగా తెలుసు. మా పేట ఆడోళ్ళకు ఆ మాట అర్థం తెలియజెప్పను నేను వద్దనుకున్న జాతరనే జరిపించాల్సి వచ్చింది.